కుట్టుపనుల శుభ్రత, సంరక్షణ

కుట్టుపనుల సంరక్షణ అనగా సూదీ దారాలతో బట్టపై అలంకరించి పూర్తిచేసిన వస్తువులను శుభ్రపరచి, ఆరబెట్టి, పాడుకాకుండా భద్రపరచే పద్ధతి. క్రాస్ స్టిచ్ పటాలు, గొలుసుకుట్టు, కాడకుట్టు వేసిన దిండు గలీబులు, టేబుల్ గుడ్డలు, మగ్గం వర్క్ రవికెలు, అద్దాల పని చేసిన సుగాలీ దుస్తులు ఈ కోవకు చెందుతాయి. రోజువారీ దుస్తులను ఉతికే విధానం వీటికి పనికిరాదు. ఒకే వస్తువులో బట్ట ఒక రకం, దారం మరొక రకం, అద్దకపు రంగులు ఇంకొక రకం కావడమే ఇందుకు కారణం. నెలల తరబడి శ్రమించి కుట్టిన పటం ఒక్క ఉతుకుతో రంగు కలిసి పాడైతే దానిని మళ్ళీ పూర్వస్థితికి తేవడం చాలా కష్టం. అందువలన ఎలా ఉతకాలి అన్న ప్రశ్న కంటే ముందు అసలు ఉతకవచ్చునా అన్న ప్రశ్నకు సమాధానం తెలుసుకోవాలి.

ఈ వ్యాసం ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతంలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల నీరు, వాతావరణం, అక్కడ లభించే వస్తువులను దృష్టిలో ఉంచుకొని ఈ పద్ధతులను వివరిస్తుంది.

పడమటి మండలాలలో కుట్టుపనులు

మదనపల్లె, పొట్టి ఆవులకు పేరొందిన పుంగనూరు, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులలోని కుప్పం మూడూ పీఠభూమిపై, సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైబడిన ఎత్తులో ఉన్నాయి. ఈ ప్రాంతానికి పట్టుతో దగ్గరి సంబంధం ఉన్నది. మదనపల్లెను ఆనుకొని ఉన్న నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు ప్రసిద్ధి. కుప్పం, పలమనేరు ప్రాంతాలలో మల్బరీ సాగు, పట్టుపురుగుల పెంపకం రైతులకు ఒక జీవనాధారం. అందుచేత ఇక్కడి ఇళ్ళలో పట్టు రవికెలపై జరీ, పూసలు, చమ్కీలతో చేసిన మగ్గం వర్క్ తరచుగా కనిపిస్తుంది.

మదనపల్లె పరిసరాలలోని తండాలలో నివసించే సుగాలీల సంప్రదాయ దుస్తులు మరొక రకం కుట్టుపని. ముదురు రంగు నూలుబట్టపై రంగురంగుల దారాలు, అద్దాలు, గవ్వలు, నాణేలు, ఊలు కుచ్చులు కలిపి వీటిని తయారుచేస్తారు. మూడవ రకం పాఠశాలల ద్వారా వచ్చినది. మద్రాసు రాజధాని కాలంలో బాలికల పాఠశాలలలో కుట్టుపని ఒక బోధనాంశంగా ఉండేది. గళ్ళు స్పష్టంగా కనిపించే మ్యాటీ గుడ్డపై ఇంటూ గుర్తు ఆకారంలో కుట్లు వేసి పూలు, చిలుకలు, దేవతామూర్తులు, స్వాగత వాక్యాలు కుట్టి పటం కట్టించి గోడకు తగిలించుకోవడం తెలుగు ఇళ్ళలో కొన్ని తరాల వారికి పరిచితమైన అలవాటు.

నీటి స్వభావం

ఈ మూడు పట్టణాల పరిసరాలలో జీవనదులు లేవు. వాడుక నీటికి చాలావరకు బోరుబావులపై ఆధారపడతారు. గ్రానైట్ రాతి పొరల నుండి వచ్చే ఈ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. ఇటువంటి నీటిని కఠినజలం అంటారు. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ విధించిన కాఠిన్యత పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీటి వనరు లేనిచోట 600 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు.

కఠినజలంలో సబ్బు సరిగా నురగ రాదు. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి నీటిలో కరగని తెల్లని తెట్టుగా మారతాయి. మామూలు బట్టను బండపై బాది జాడిస్తే ఈ తెట్టు కొంతవరకు పోతుంది. కుట్టుపనిని బాదడానికి, రుద్దడానికి వీలులేదు కనుక తెట్టు కుట్ల సందులలో, దారపు పోగుల మధ్య చిక్కుకొని ఉండిపోతుంది. ఆరిన తరువాత దారం మెరుపు తగ్గి, పటమంతా బూడిదరంగు తిరిగినట్లు కనిపిస్తుంది. చాలామంది దీనిని దారం రంగు వెలియడంగా పొరబడతారు. నీటిలో ఇనుము ఉంటే తెల్లబట్టపై పసుపుపచ్చని మచ్చలు కూడా ఏర్పడతాయి.

దీనికి ఇంటిలో చేయగల ఉపాయాలు మూడు.

* సబ్బు బిళ్ళకు బదులు, కఠినజలంలో తెట్టు కట్టని తేలికపాటి ద్రవ డిటర్జెంటు వాడడం.
* కనీసం చివరి రెండు జాడింపులకు శుభ్రంగా పట్టిన వాననీటిని గాని, ఆర్.ఓ. యంత్రం నుండి వచ్చిన నీటిని గాని వాడడం. ఒక పటానికి ఇరవై లీటర్ల నీటి క్యాను ఒకటి సరిపోతుంది.
* పట్టు, ఊలు వస్తువులకు కుంకుడుకాయ రసం వాడడం.

కుంకుడుకాయలోని నురగనిచ్చే పదార్థాన్ని సపోనిన్ అంటారు. ఇది సబ్బువలె కాల్షియంతో కలిసి తెట్టు కట్టదు. పైగా కుంకుడు రసానికి క్షారగుణం లేదు, స్వల్పంగా ఆమ్లగుణం ఉంటుంది. పట్టుకు, ఊలుకు ఇదే అనుకూలం. గింజలు తీసిన కాయలను గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెట్టి, పిసికి, దట్టమైన గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. అయితే ఈ రసానికి గోధుమరంగు ఉంటుంది కనుక తెల్లని మ్యాటీ గుడ్డకు వాడకూడదు. సీకాయ మరింత రంగు పట్టిస్తుంది, కనుక దానిని ఏ కుట్టుపనికీ వాడకపోవడమే మంచిది.

పోగుల స్వభావం

నూలు వృక్షజన్యమైనది. దాని ముఖ్య పదార్థం సెల్యులోజు. ఇది క్షారాలను తట్టుకుంటుంది గాని ఆమ్లాల వలన బలహీనపడుతుంది. పట్టు, ఊలు జంతుజన్యమైన మాంసకృత్తులు. ఇవి స్వల్ప ఆమ్లాలను తట్టుకుంటాయి గాని క్షారాలకు దెబ్బతింటాయి. పచ్చి పట్టు బరువులో దాదాపు పావు వంతు ఉండే సెరిసిన్ అనే జిగురును తొలగించడానికి నూలు అద్దకపువారు దానిని సబ్బు, సోడా కలిపిన వేడినీటిలో ఉడికిస్తారు. జిగురు పోయిన పట్టును మళ్ళీ వేడి సోడా నీటిలో ముంచితే ఈసారి పోగే దెబ్బతింటుంది. బట్టల సోడా, చాకిరేవు సోడా, బ్లీచింగు పొడి పట్టు కుట్టుపనికి తగలనీయకూడదు. గాఢమైన బ్లీచింగు ద్రావణంలో పట్టు పూర్తిగా కరిగిపోతుంది.

రేయాన్ దారాలు పట్టువలె మెరుస్తాయి గాని తడిసినప్పుడు వాటి బలం బాగా తగ్గుతుంది. అందుచేత రేయాన్‌తో కుట్టినదానిని తడిగా ఉన్నప్పుడు లాగకూడదు. క్రాస్ స్టిచ్‌కు సాధారణంగా వాడేవి ఆరు పోగుల నూలు దారపు లడీలు. పేరుపొందిన సంస్థల దారాలు చాలావరకు రంగు నిలిచేవే అయినా, ముదురు ఎరుపు, నలుపు, ముదురు నీలం రంగులలో అదనపు రంగు మిగిలి ఉండే అవకాశం ఉన్నది. విడిగా, పేరు లేకుండా అమ్మే దారాలను పరీక్షించకుండా నమ్మరాదు.

రంగు పరీక్ష

ఉతకడానికి ముందు ప్రతి రంగును విడివిడిగా పరీక్షించాలి. తెల్లని నూలుగుడ్డ ముక్కను గాని, దూదిని గాని నీటిలో తడిపి, పిండి, కుట్టుపని వెనుకవైపు ఆ రంగు దారంపై ఒక నిమిషం అదిమి ఉంచాలి. తెల్లగుడ్డకు రంగు అంటకపోతే, వాడదలచిన డిటర్జెంటు నీటితో మళ్ళీ అదే పరీక్ష చేయాలి. ఒక్క రంగు అంటినా ఆ వస్తువును నీటిలో ముంచకూడదు. కుట్టడం మొదలుపెట్టక ముందే దారాలను పరీక్షించుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

ఉప్పునీటిలో గాని, వెనిగర్ కలిపిన నీటిలో గాని నానబెడితే రంగు నిలుస్తుందన్న నమ్మకం విస్తృతంగా ఉన్నది. అద్దకపు తొట్టిలో ఉప్పు కొన్ని రకాల రంగులు నూలులోకి ఎక్కడానికి తోడ్పడుతుంది. దీని నుండే ఈ నమ్మకం పుట్టి ఉండవచ్చు. కాని కొని తెచ్చిన దారంలో మిగిలిపోయిన అదనపు రంగును ఉప్పు, వెనిగర్ శాశ్వతంగా పట్టి ఉంచలేవు. తరువాతి తడిలో ఆ రంగు మళ్ళీ కారుతుంది.

పరీక్ష చేసినా ఉతుకుతున్నప్పుడు రంగు కారడం కనిపిస్తే, బయటకు తీసి ఆరవేయడం పెద్ద పొరపాటు. కారిన రంగు బట్టపై ఆరితేనే మచ్చగా స్థిరపడుతుంది. వస్తువును చల్లని నీటిలోనే ఉంచి, నీరు తేటగా వచ్చేవరకు మళ్ళీ మళ్ళీ నీరు మార్చాలి. దీనికి కొన్ని గంటలు పట్టవచ్చు.

క్రాస్ స్టిచ్ ఉతికే విధానం

కొత్తగా పూర్తయిన క్రాస్ స్టిచ్‌ను పటం కట్టించడానికి ముందు ఒకసారి ఉతకడం అవసరం. కుట్టేటప్పుడు చేతుల నుండి అంటిన చెమట, నూనె వెంటనే కనిపించవు. గాలి సోకి కొన్నేళ్ళకు అవి పసుపుపచ్చని మరకలుగా తేలుతాయి. ఫ్రేము బిగించిన చోట మడతలో మురికి చేరి వలయాకారపు గుర్తు కూడా ఉంటుంది.

1. ఉంగరాలు, గాజులు తీసివేయాలి. వెనుకవైపు వదులుగా ఉన్న దారపు కొసలను కుట్ల కిందికి దూర్చాలి. బట్ట అంచులు పోగులు ఊడకుండా చుట్టుకుట్టు వేయాలి.
2. తెల్లని బేసినులో చల్లని నీరు తీసుకోవాలి. బేసిను తెల్లగా ఉంటే రంగు కారడం వెంటనే తెలుస్తుంది. ఐదు లీటర్ల నీటికి ఒక చెంచా ద్రవ డిటర్జెంటు కలిపితే చాలు.
3. వస్తువును మడవకుండా పరచి ముంచి, పదిహేను నిమిషాలు ఉంచాలి. అరచేతితో మెల్లగా పైకీ కిందికీ అదమాలి. రుద్దకూడదు, బ్రష్షు వాడకూడదు.
4. నురగ పూర్తిగా పోయేవరకు నీరు మార్చుతూ జాడించాలి. చివరి రెండుసార్లు వాననీరు గాని ఆర్.ఓ. నీరు గాని వాడాలి.
5. పిండకూడదు. తెల్లని తువాలుపై పరచి, తువాలుతో సహా చాపవలె చుట్టి అదిమితే నీరు తువాలులోకి పోతుంది.
6. నీడలో, పరుపుగా ఉన్న చోట ఆరబెట్టాలి. తీగపై వేలాడదీస్తే తడి బరువుకు గళ్ళు సాగి బొమ్మ వంకర తిరుగుతుంది.
7. కొద్దిగా తేమ ఉండగానే మందపాటి తువాలుపై బొమ్మ కిందివైపు ఉండేటట్లు బోర్లించి, పైన పలుచని గుడ్డ వేసి ఇస్త్రీ చేయాలి. ఇలా చేస్తే కుట్లు తువాలులోకి ఒదిగి అణగిపోకుండా ఉంటాయి. మురికి గాని, గీసిన గుర్తు గాని పూర్తిగా పోలేదని అనుమానం ఉంటే ఇస్త్రీ చేయకూడదు, వేడి వలన అది స్థిరపడుతుంది.

డిజైను దించడానికి చిల్లులు పొడిచిన కాగితంపై కిరోసిన్‌తో కలిపిన తెల్లపొడిని గాని, నీలాన్ని గాని రుద్దే పద్ధతి మన ప్రాంతంలో వాడుకలో ఉన్నది. కిరోసిన్ దానంతట అదే ఆవిరవుతుంది. మిగిలిన పొడిని ముందుగా మెత్తని బ్రష్షుతో దులిపి, తరువాతనే ఉతకాలి.

మరకలు

ఇక్కడి రవికెలకు, తోరణాలకు ఎక్కువగా అంటేవి పసుపు, కుంకుమ, నూనె, కాఫీ. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపు మరకపై సబ్బు రుద్దగానే అది ఎర్రగా మారడానికి కారణం ఇదే. దీనిని చూసి కంగారుపడి బ్లీచింగు పొడి వేయకూడదు. కర్కుమిన్‌కు ఎండలో వెలిసిపోయే గుణం ఉన్నది గాని, ఆ ఎండే చుట్టుపక్కల దారాల రంగును కూడా హరిస్తుంది. కుట్లు లేని తెల్లని భాగంపై మాత్రమే, మిగిలిన భాగాన్ని దట్టమైన గుడ్డతో కప్పి, కొద్దిసేపు ఎండ తగలనివ్వవచ్చు.

నూనె మరకపై వెంటనే టాల్కమ్ పౌడరు చల్లి, కొన్ని గంటల తరువాత మెత్తగా దులపాలి. కుంకుమను తడి తగలకముందే దులపాలి, తడిస్తే దాని రంగు పోగులలోకి దిగుతుంది. సూది గుచ్చి వదిలివేయడం వలన ఏర్పడే తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టే అలవాటు ఉన్నది. ఆమ్లం నూలును బలహీనపరుస్తుంది కనుక విలువైన వస్తువుపై ఇది ప్రయోగించకూడదు. కుట్టడం ఆపినప్పుడల్లా సూదిని, ఫ్రేమును తీసివేయడమే సరైన నివారణ.

నీటిలో ముంచకూడనివి

మగ్గం వర్క్ రవికెలో పట్టు, జరీ, పూసలు, చమ్కీలు, జిగురుతో అంటించిన రాళ్ళు కలిసి ఉంటాయి. నీటిలో నానితే జిగురు వదులుతుంది. జరీ తీగ తడి, చెమట వలన నల్లబడుతుంది. రవికెను విప్పిన వెంటనే బీరువాలో పెట్టకుండా, తిరగవేసి, నీడలో ఒక రాత్రి గాలికి ఆరనివ్వాలి. చెమట తగిలిన లోపలి అస్తరును మాత్రమే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టవచ్చు. డ్రై క్లీనింగ్‌కు ఇచ్చేటప్పుడు పూసలు, రాళ్ళు, చమ్కీలు ఉన్నాయని ముందే చెప్పాలి. అక్కడ వాడే ద్రావకాలకు కొన్ని రకాల ప్లాస్టిక్కులు, జిగుర్లు కరుగుతాయి. చమ్కీలపై నేరుగా ఇస్త్రీపెట్టె పెట్టకూడదు.

సుగాలీ కుట్టుపనులలో అద్దం వెనుక పూతలోకి నీరు చేరితే నల్లని మచ్చలు పడతాయి. నాణేలు, లోహపు బిళ్ళలు తుప్పు, చిలుము పట్టి చుట్టూ ఉన్న బట్టను తినివేస్తాయి. ఇటువంటి వాటికి పొడి శుభ్రతే సరైనది. వస్తువుపై దోమతెర గుడ్డ పరచి, కదలకుండా పట్టుకొని, తక్కువ వేగంతో నడిచే వాక్యూమ్ యంత్రంతో ధూళిని లాగాలి. యంత్రం లేనివారు మెత్తని చిత్రలేఖన బ్రష్షుతో ఒకే దిశలో దులపవచ్చు. దోమతెర వలన ఊడిపోబోయే పూసలు, దారాలు యంత్రంలోకి పోవు.

పటం కట్టించడం, వెలుతురు

బట్టను అట్టకు జిగురుతో అంటించకూడదు. జిగురు కొన్నేళ్ళకు పసుపుబారి బట్టకు మరక చేస్తుంది, మళ్ళీ విడదీయడానికి వీలుకాదు. ఆమ్లం లేని అట్టపై బట్టను పరచి, వెనుకవైపు అంచులను దారంతో అటూ ఇటూ లాగి కుట్టాలి. అద్దం కుట్లకు తగలకుండా మధ్యలో అట్టచట్రం ఉంచాలి. తగిలితే అద్దం లోపల పట్టే చెమ్మ దారాలకు చేరి బూజు పడుతుంది.

వెలుతురు వలన కలిగే నష్టం తిరిగి పూడదు. ప్రతి రోజూ తగిలిన వెలుతురు ఫలితం మునుపటి దానికి చేరుతూ పోతుంది. మ్యూజియంలు వస్త్రాలకు 50 లక్సుల మించని వెలుతురును ప్రమాణంగా పాటిస్తాయి. ఫ్రాన్సులోని బేయూ పట్టణానికి చెందిన, 11వ శతాబ్దంలో నారబట్టపై ఊలు దారాలతో కుట్టిన సుమారు 70 మీటర్ల పొడవైన వస్త్రం ఇప్పటికీ రంగులు కోల్పోకుండా ఉన్నది. శతాబ్దాల పాటు దానిని చుట్టి భద్రపరచి, ఏడాదిలో కొద్దిరోజులు మాత్రమే చర్చిలో ప్రదర్శించడం దీనికి ఒక ముఖ్య కారణం. ఇళ్ళలో కిటికీకి ఎదురుగా ఉన్న గోడను, దీపారాధన పొగ తగిలే పూజగదిని, వంటింటి పక్క గోడను విడిచి పటం తగిలించాలి.

భద్రపరచడం

పడమటి మండలాలలో గాలి సాధారణంగా పొడిగా ఉండడం వస్త్రాలకు మేలు చేస్తుంది. ఈశాన్య రుతుపవనాలు వీచే అక్టోబరు నుండి డిసెంబరు వరకు మాత్రం తేమ పెరిగి బూజుకు అవకాశం కలుగుతుంది. వాన వెలిసిన పొడిరోజున తీసి, నీడలో గాలికి పరచి, మడతలు మార్చి మళ్ళీ పెట్టాలి.

* మురికితో గాని, గంజితో గాని దాచకూడదు. గంజిని సిల్వర్‌ఫిష్ పురుగులు తింటాయి. చిమ్మెట పురుగులు ఊలును, పట్టును కొరుకుతాయి.
* ప్లాస్టిక్ కవరులో తేమ చిక్కుకుంటుంది. బాగా ఉతికి గంజి పోగొట్టిన తెల్లని మల్లు గుడ్డలో చుట్టాలి.
* వార్తాపత్రికలలో చుట్టకూడదు. ఆ కాగితంలోని ఆమ్లం, సిరా బట్టకు దిగుతాయి.
* పెద్ద వాటిని మడవకుండా, గుడ్డ చుట్టిన గొట్టంపై కుట్లు పైకి ఉండేటట్లు చుట్టాలి. మడవక తప్పనిచోట మడత లోపల మెత్తని గుడ్డ ఉంచాలి.
* కలరా ఉండలు బట్టకు, పూసలకు నేరుగా తగలకూడదు. పసిపిల్లలు ఉన్న ఇంటిలో వీటిని వాడకపోవడం మంచిది. ఎండిన వేపాకును గుడ్డసంచిలో కట్టి పెట్టడం వాడుకలో ఉన్నది. ఆకు మాత్రం పూర్తిగా ఎండాలి, బట్టకు తగలకూడదు.

పాత కుట్టుపనులు

అమ్మమ్మల, నాయనమ్మల కాలం నాటి కుట్టుపని దొరికినప్పుడు దానిని వెంటనే ఉతికి తెల్లగా చేయాలని అనిపించడం సహజం. కాని పాత నూలు లోలోపల ఆమ్లగుణం పెరిగి పెళుసుబారి ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు గట్టిగా కనిపించినా నీటిలో తన బరువును తానే మోయలేక చిరగవచ్చు. మడత దగ్గర పోగులు తెగి ఉన్నా, వేలితో తాకితే పొడి రాలుతున్నా, రంగు పరీక్షలో ఒక్క రంగు అంటినా దానిని ఉతకకూడదు. పసుపుబారిన బట్ట పాతదనానికి సూచన. అది ఉన్నా వస్తువు నిలుస్తుంది. తొందరపడి చేసిన ఉతుకు వలన వస్తువే మిగలకపోవచ్చు.

అటువంటి వాటిని పైన చెప్పిన విధంగా ధూళి తీసి, మల్లు గుడ్డపై పరచి భద్రపరచడం ఇంటివారు చేయదగిన పని. అంతకు మించిన చికిత్స నిపుణులది. సాంస్కృతిక సంపద సంరక్షణ కొరకు 1976లో లక్నోలో ఏర్పడిన జాతీయ పరిశోధనాశాలకు మైసూరులో ప్రాంతీయ ప్రయోగశాల ఉన్నది. పడమటి మండలాలకు ఇది దగ్గరిది.

వస్తువుతో పాటు దాని వివరాలను కాపాడడం కూడా సంరక్షణలో భాగమే. కుట్టినవారి పేరు, ఊరు, ఇంచుమించు సంవత్సరం, వాడిన దారాలు, ఎప్పుడు ఏ విధంగా శుభ్రపరచినదీ ఒక కాగితంపై పెన్సిలుతో రాసి, విడి కవరులో పెట్టి వస్తువు పక్కన ఉంచాలి. సిరా తడికి కరిగి బట్టకు అంటవచ్చు కనుక పెన్సిలు వాడడం మంచిది. పేర్లు తెలిసినవారు ఇంటిలో ఉండగానే ఈ పని పూర్తిచేయాలి.